ఇనుము ముట్టని ఐదు దినాలు

ఉచ్చెంగమ్మను చంపింది కరిగుడ్డం ఊరు. లారీ కాదు, డ్రైవరు కాదు, తలరాత అంతకన్నా కాదు. ఊరు. ఐదేళ్ళుగా గాదిలింగప్ప ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరితో వాదిస్తాం?

ఆయన ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా, లారీల జోరు తగ్గించే హంపు ఒకటి ఉండేది. వీరభద్రుని తేరు పోవడానికి ఇబ్బందని తవ్వేశారు. మళ్ళీ వేయలేదు. తేరయిన నాలుగో రోజు సాయంత్రం, పాలక్యాను పట్టుకుని రోడ్డు దాటుతున్న ఉచ్చెంగమ్మను గనుల నుంచి దిగివస్తున్న లారీ ఈడ్చుకుపోయింది. ఆయన భార్య ఆమె. తేరు కమిటీకి పెద్ద హులిగప్ప. కాబట్టి తవ్వించింది హులిగప్ప. ఆనాటి నుంచి గాదిలింగప్ప గుడి మెట్టెక్కలేదు. హులిగప్ప ఎదురొస్తే ఉమ్మి పక్కకు తిరిగేవాడు. ఇరవై రెండేళ్ళు తన చేతుల మీద నడిచిన తేరును కన్నెత్తి చూడలేదు.

కూతురు భూమిక వేరే దారి పట్టింది. సండూరులో కాలేజీ, బీయెస్సీ రెండో ఏడు. ఎన్నెస్సెస్‌లో చేరిన నాటి నుంచి ఆ పిల్లకు ఇల్లు పట్టలేదు. తోటి విద్యార్థులతో నెల రోజులు రోడ్డు పక్కన కూర్చుని, ఎన్ని లారీలు ఎంత వేగంతో పోతున్నాయో రాసుకుంది. గడప గడపా తిరిగి సంతకాలు అడిగింది. పంచాయితీకి పోతే రోడ్ల ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడికి పోతే మళ్ళీ పంచాయితీకే పొమ్మన్నారు. అట్లా పదకొండు నెలలు. చివరికి తేరుకూ అడ్డం కాని హంపు ఒకటి దొరికింది. పసుపూ నలుపూ రబ్బరు పలకలు. బోల్టులతో రోడ్డుకు బిగించేవి. తేరు రోజు విప్పి, తేరు పోగానే మళ్ళీ బిగించుకోవచ్చు. మూడు నెలలుగా అది ఆయన ఇంటి ముందే ఉంది.

విప్పి చూపించమని ఊరు అంది. తేరు రోజు సాయంత్రం ఆరింటికి పోలీసులు లారీలు వదులుతారు, ఆ లోపల బిగించి చూపించమని రోడ్ల ఆఫీసు అంది. బిగించకపోతే అనుమతి రద్దు.

ఈ తిరుగుడులోనే భూమిక, పాత హంపును ఎవరు అడిగితే తీశారో చెప్పమని సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టింది. పోయిన బుధవారం జవాబు వచ్చింది. కవరు చింపి చదివింది. మళ్ళీ చదివింది. మడిచి బ్యాగు అడుగున పెట్టుకుంది.

"ఏమొచ్చింది అమ్మీ?" అన్నాడు గాదిలింగప్ప.

"ఏం లేదు నాయనా."

ఆ పిల్ల ఆయన ముఖం చూడకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

ఈరోజు సోమవారం. తేరు.

*

మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు పన్నెండు మంది విద్యార్థులు దిగారు. నెత్తిన తెల్లటోపీలు, చేతుల్లో పానాలు. రోడ్డుకు రెండు పక్కలా ఊరంతా నిలబడింది. జాతరకొచ్చిన బొరుగుల అంగళ్ళవాళ్ళు కూడా బేరాలు వదిలేసి చూస్తున్నారు. భూమిక ఈల నోట్లో పెట్టుకుంది.

"రెడీనా? తొమ్మిది పలకలు, ముప్పై ఆరు బోల్టులు. ఒక్క బోల్టు పోయినా, పోగొట్టినోళ్ళను కాలేజీ దాకా నడిపిస్తా."

ఈల మోగింది. అందరూ మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"ఏంది కేశవా, పానా పట్టుకున్నట్టు లేదు, మైకు పట్టుకున్నట్టుండాది!" అంది చంద్రిక. సిరుగుప్ప పిల్ల, హాస్టల్లో భూమిక గదిలో ఉంటుంది. నోటికి తాళం లేదు.

"నువ్వు నోర్మూసుకుని సుమ్నిర్రు తల్లీ. ఇది తుప్పు పట్టుండాది."

"మూడు నెల్లకే తుప్పా? నీ చేతికి పట్టింటాది!"

జనం ఘొల్లున నవ్వారు. కేశవ ఆ ఊరి పిల్లోడే. వాడి అవ్వ హనుమంతమ్మ ముందు వరసలో కూర్చుని, "తిప్పురా నాయనా, సంగటి తిన్లేదా!" అని అరిచింది. ఒక్కో పలకా లేస్తుంటే చప్పట్లు. తొమ్మిదో పలక పక్కకు పడేసరికి పద్దెనిమిది నిమిషాలు. చంద్రిక ఫోను పైకెత్తి గంతులేసింది.

గాదిలింగప్ప తన గడప మీద కూర్చుని ఉన్నాడు. నవ్వలేదు. కానీ లేచి లోపలికి పోనూ లేదు.

అప్పుడొచ్చాడు హులిగప్ప. తెల్లపంచె, భుజాన జరీ అంచు టవలు. వెనక పూజారి, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు కంకణాలు.

"భేష్! ఇది పనంటే," అన్నాడు. "మీరు కూడా తేరు పిల్లోళ్ళే ఇంక. రాండి, చేతులు చాపండప్పా."

తేరు పట్టేవాళ్ళకు మాత్రమే కట్టే కంకణం. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. ఒకరి మీద ఒకరు పడి చేతులు చాపారు. కట్టించుకుని ఫోటోలు తీసుకున్నారు. పూజారి భూమిక దగ్గరికీ వచ్చాడు. ఆమె బోల్టులు ఏరి బకెట్లో వేస్తోంది. మోచేతుల దాకా గ్రీసు.

"నాకు తరవాత స్వామీ. చేతులు చూడండి ఎట్లుండాయో."

గాదిలింగప్ప గడప మీద నుంచి సగం లేచాడు. ఆ పసుపు దారం అర్థం ఏమిటో ఆ పిల్లలకు తెలియదు. కేశవకు తెలిసినా గుర్తు లేదు. ఈయనకు తెలుసు. నోరు తెరిచాడు. ఎదురుగా హులిగప్ప ఉన్నాడు. హులిగప్ప ఉన్నచోట మాట్లాడి ఐదేళ్ళయింది.

చెప్పకుండానే మళ్ళీ కూర్చున్నాడు.

*

మూడున్నరకు తేరు కదిలింది. గాదిలింగప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళను తిప్పుకున్నాడు గానీ చెవులను తిప్పుకోలేకపోయాడు.

తేరుకు పగ్గాలు పట్టేవాళ్ళు వందమంది ఉంటారు. కానీ దాన్ని నడిపేది చక్రం కింద మొద్దు వేసేవాడు. మూరెడు కొయ్యమొద్దును కదిలే చక్రం కిందికి తోసి, ఒరిపించి, మలిపి, ఆపాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే చెయ్యి పోతుంది. ఇరవై రెండేళ్ళు గాదిలింగప్ప మొద్దుమేస్త్రీ. ఇప్పుడు ఎవడో కొత్తవాడు. ఎడమ చక్రం కింద కొయ్య కిర్రుమన్న తీరుకే తెలిసిపోయింది, వాడు అరచేయి వెడల్పు ముందు వేశాడు. గాదిలింగప్ప వేళ్ళు తొడ మీద తమంతట తామే కదిలాయి.

"హర హర!"

తేరు ఆయన ఇంటి ముందు నుంచి ఎక్కడా ఎగరకుండా, గంటలు మోగించుకుంటూ సాగిపోయింది. తేరును వెనక్కి తిప్పే పాదగట్టు దాకా పోయి తిరిగి వచ్చింది. ఐదుంపావుకు గుడి ముందు నిలిచింది. అరటిపళ్ళు గాల్లోకి లేచాయి. ఊరు ఊగిపోయింది.

అదే నిమిషానికి భూమిక ఈల మళ్ళీ మోగింది.

"నలభై ఐదు నిమిషాలుండాది! బేగ రాండి!"

పిల్లలు పరుగెత్తుకొచ్చారు. కేశవ పానా అందుకోబోయాడు. దాని మీద హులిగప్ప చేతికర్ర అడ్డంగా పడింది.

"కంకణం ఉండాది కదప్పా చేతికి."

"ఉండాది పెద్దప్పా. అయితే?"

"కంకణం కట్టినోళ్ళు శుక్రవారం విప్పేదాకా ఇనుము ముట్టరాదు. గడ్డపార లేదు, కొడవలి లేదు, పానా లేదు. తాతల నాటి కట్టు. మీ అవ్వను అడుగు."

కేశవ అవ్వవైపు చూశాడు. హనుమంతమ్మ తల దించుకుంది.

చంద్రిక తన మణికట్టు చూసుకుంది. "ఈ సంగతి కట్టేటప్పుడు చెప్పల్ల కదా మామా?"

"అడిగింటే చెప్తాంటి."

"అడగాలని మాకెట్ల తెలుస్తాది?"

"శుక్రవారం వేసుకోండి. నాలుగు దినాల్లో ఏం మునగదు."

భూమిక పలకను కాలితో చోటుకు తోసి, మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి బోల్టు పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఒక్కతే. ముప్పై ఆరు బోల్టులు.

నాలుగు దినాలు. ఆ మాట విని గాదిలింగప్ప గడప దిగాడు. ఐదేళ్ళలో మొదటిసారి హులిగప్ప ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డాడు.

"అప్పుడూ ఇదే మాట. నాలుగు దినాల్లో ఏం మునగదని. మునిగింది నా ఇల్లు. తవ్వమని కాగితం రాసింది నువ్వు, మళ్ళా ఎయ్యకుండా చేసింది నువ్వు. ఇప్పుడు దీన్నీ పీకించినావు. పిల్లలకు దారం కట్టి చేతులు కట్టేసినావు. నీయంత కసాయి ఈ తాలూకాలో లేడు హులిగప్పా."

జాతర సద్దు ఉన్నట్టుండి తగ్గిపోయింది. హులిగప్ప ముఖం ఎర్రబడింది. కానీ కర్ర ఎత్తలేదు. కిందికి, రోడ్డు మీద కూర్చున్న పిల్లవైపు చూశాడు.

"పాపా, ఆఫీసు నుంచి నీకు జవాబొచ్చిందని తెలిసింది. మీ నాయనకు చూపించినావా?"

భూమిక పానా ఆగలేదు. "ఇప్పుడు కాదు మామా."

"ఏం జవాబు?" అన్నాడు గాదిలింగప్ప.

"టైం లేదు నాయనా. ఐదు ఇరవై నాలుగు."

"ఇయ్యి."

"తరవాత చూపిస్తా."

"ఇప్పుడు ఇయ్యి అమ్మీ. ఊరందరి ముందరా. ఈయన రాసిన కాగితం ఈయన ముందరే చదువుతా."

భూమిక తలెత్తింది. చెమటతో గ్రీసు కలిసి చెంప మీద నల్లటి చార. ఆ పిల్ల కళ్ళలో కోపం లేదు. ఉన్నదేమిటో గాదిలింగప్పకు అప్పుడు తెలియలేదు.

"బ్యాగులో అడుగున ఉండాది. నువ్వే తీసుకో. నేను పానా ఇడిసేది లేదు."

తీశాడు. మడత విప్పాడు. జిరాక్స్ కాగితం. కన్నడంలో ఐదు వరసలు. ఊరి కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడి గుండ్రటి, కష్టపడ్డ అక్షరాలు.

హంపు మీద మొద్దు జారుతున్నది. తేరు అదుపు తప్పితే మనుషులు చస్తారు. కనుక తేరుకు ముందు హంపు తీయించవలెను. తేరు నిలిచిన దినమే, లారీలు వదలక ముందే, తిరిగి వేయించే బాధ్యత నాది. ఇట్లు, గాదిలింగప్ప, మొద్దుమేస్త్రీ.

సంతకం కింద గీత కూడా తన గీతే.

చదవకముందే ఆయనకు తెలుసు. కాగితం చేతికి తగిలిన క్షణంలోనే తెలుసు. నిజం చెప్పాలంటే, ఐదేళ్ళుగా తెలుసు.

ఐదేళ్ళ కిందట, ఇదే గడప. గోడకు ఆనించి కంకరమూట, సిమెంటు మూట, గడ్డపార. తేరు నిలిచింది. చేతికి కంకణం ఉంది. తేరు నిలిచిన దినమే వేయిస్తానని రాసిచ్చినప్పుడు ఆ కంకణం సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, మొద్దుమేస్త్రీయే కట్టు తప్పితే ఎట్లా అని కూర్చున్నాడు. ఊళ్ళో పనిచేయగల మగవాళ్ళందరికీ కంకణాలే. రెండో రోజు ఉచ్చెంగమ్మ చీర కొంగు దోపుకుని గడ్డపార అందుకుంది. "నాకు కంకణం లేదు కదా? నేను కలిపి ఏస్తా. చెప్తాండు, ఎట్ల ఎయ్యాల్నో."

"ఆడది హంపు ఏస్తే మొద్దుమేస్త్రీ ముఖం యాడ పెట్టుకుంటాడు? పెట్టు కింద."

పెట్టింది. అది రెండో దినం. ఆమె రోడ్డు దాటింది నాలుగో దినం.

హులిగప్ప గొంతు దగ్గరగా, చిన్నగా వినిపించింది.

"ఆ కాగితం ఆఫీసులో ఇచ్చొచ్చింది నేనే. అంతే. ఐదేండ్లు నన్ను చూసి ఉమ్మినావు. పెండ్లాం పోయినోడు, ఎవరో ఒకరి మీద ఏసుకోకపోతే బతకలేడని నోరు మూసుకున్నా. నీ బిడ్డకు తెలిసిపోయినాక ఇంక నేను దాచేదేముండాది?"

గాదిలింగప్ప కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మీద కూతురు ఐదో బోల్టు మీద బరువంతా వేసి తిప్పుతోంది. ఆ పిల్ల చేతికి కంకణం లేదు. ఐదేళ్ళుగా తన చేతికీ లేదు. చీర కొంగు లేదు గానీ, దుపట్టా అట్లాగే నడుముకు దోపుకుంది.

ఆయన ఒంగి రెండో పానా తీసుకున్నాడు. కూతురి ఎదుట మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"పక్కకు జరుగు. ఎదురెదురు బోల్టులు ఒకేసారి తిప్పల్ల. లేకుంటే పలక ఒంకర పోతాది."

భూమిక ఒక్క క్షణం చూసింది. జరిగింది.

*

ఐదూ ముప్పై ఒకటి. ఇద్దరు మనుషులు, ముప్పై ఒక్క బోల్టులు. కుదరదు. లెక్క తెలిసిన ప్రతివాడికీ తెలుస్తోంది కుదరదని.

"మామా," అంది చంద్రిక ఉన్నట్టుండి, హులిగప్పతో. "పలకలు రబ్బరువి కదా?"

"అయితే?"

"రబ్బరు ఇనుము కాదు కదా? ముట్టొచ్చు కదా?"

హులిగప్ప నోరు తెరిచాడు. చంద్రిక అప్పటికే పలక ఎత్తింది. పదిమందీ దూకారు. పలకలన్నీ వరసగా, రంధ్రాలకు రంధ్రాలు కలిపి పరిచేశారు. ఒకడు బోల్టులున్న బకెట్ తెచ్చాడు.

"బకెట్ ప్లాస్టిక్‌ది!" అని ముందే అరిచాడు. జనంలో నవ్వు పుట్టింది.

ఐదూ నలభై. ఇంకా ఇరవై మూడు.

అప్పుడు లేచింది హనుమంతమ్మ. మోకాళ్ళు పట్టుకుని, తిట్టుకుంటూ లేచింది. మనవడి భుజం మీది టవలు గుంజి, పానాకు రెండు చుట్లు చుట్టి వాడి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు ముట్టింది గుడ్డను. తిప్పురా."

"అవ్వా, కట్టు తప్పదా?"

"నలభై ఏండ్లు మీ తాత కంకణం కట్టుకుని రొట్టెల పెనం మీద అట్లకాడతో రొట్టె తిప్పుకుని తిన్నాడు. అట్లకాడ ఇనుము కాదా? స్వామి ఏమీ అనలేదు. తిప్పు!"

ఊరు పగలబడి నవ్వింది. టవళ్ళు, కండువాలు, ఒక పట్టుచీర కొంగు కూడా పానాలకు చుట్టుకున్నాయి. పగ్గాలు పట్టిన మొగోళ్ళు ఇద్దరు చొక్కాలు విప్పి చుట్టుకుని వచ్చారు. చంద్రిక గట్టిగా లెక్క చెబుతోంది. ప్రతి బోల్టుకూ జనం అందుకుంటున్నారు. పదిహేను! పద్నాలుగు! తేరు లాగేటప్పుడు కూడా ఇంత గొంతు లేదు ఆ ఊరికి.

"ఎడమ పక్క గట్టిగా!" అని అరుస్తున్నాడు గాదిలింగప్ప. "నువ్వు కాదు, నువ్వు! సగం చుట్టు వెనక్కి తీసి మళ్ళా తిప్పు!" ఆ గొంతు ఆయనది కాదేమోనని ఆయనకే అనిపించింది. అది తేరు ముందు అరిచే మేస్త్రీ గొంతు.

ఐదూ యాభై ఏడు. ఆఖరి బోల్టు. భూమిక పానా పెట్టింది. ఆమె చేతుల మీద తండ్రి చేతులు పడ్డాయి. ఇద్దరూ కలిసి తిప్పారు. ఇంక కదల్లేదు.

దూరంగా ఊరి పొలిమేరలో పోలీసు ఈల. ఆ వెంటనే ఇంజన్ల రొద. అందరూ రోడ్డు దిగి పక్కకు పరుగెత్తారు. మొదటి లారీ ఎర్రదుమ్ము లేపుకుంటూ వచ్చింది. పసుపూ నలుపూ చూసింది. బ్రేకు కీచుమంది. ముందు చక్రాలు మెల్లగా ఎక్కి, మెల్లగా దిగాయి. వెనక చక్రాలూ అంతే. ముసలి ఆవు కొట్టానికి పోయినట్టు పోయింది.

చంద్రిక కేక వేసింది. పిల్లలు ఒకరినొకరు వాటేసుకున్నారు. కేశవ అవ్వను ఎత్తి గిరగిరా తిప్పాడు. అవ్వ వాణ్ణి బూతులు తిట్టింది. భూమిక రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని, గ్రీసు చేతుల్లో ముఖం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియకుండా కదిలిపోయింది.

*

హులిగప్ప సందడి తగ్గేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"గుడ్డ చుట్టేది ఈ ఒక్క దినానికి చెల్లింది పాపా. శుక్రవారం కంకణాలు విప్పేటప్పుడు ఊరు కూర్చుంటాది. వచ్చే ఏడు నుంచి హంపు ఎయ్యను ఐదు దినాలు ఆగల్లనే చాలామంది మాట. తేరు దినమే ఎయ్యల్లని మొద్దుమేస్త్రీనే రాసిచ్చినాడని నువ్వంటే, జిరాక్స్ ఎవరైనా చేస్తారంటారు. రాసినోడు లేసి నిలబడి, రాసింది నేనే, ఆగితే ఏమవుతాదో తెలిసినోణ్ణి నేనే అంటే, ఇంక ఎవురూ నోరెత్తరు. తేరు దినమే ఎయ్యల్లనే తీర్మానం మీద మొదటి సంతకం నాది."

చెప్పి వెళ్ళిపోయాడు. మొదటిసారి గాదిలింగప్ప ఆయన వెనక ఉమ్మలేదు.

భూమిక లేచి వచ్చింది. గడప దగ్గర తండ్రి చేతులు తుడుచుకుంటున్నాడు.

"నాయనా. శుక్రవారం రా. ఒక్క మాట చాలు."

ఆయన చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అమ్మ పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ కాగితం నీదని చెప్తే చాలు. నీ మాట లేకుంటే వచ్చే ఏడు మళ్ళా ఐదు దినాలు ఈ రోడ్డు బోసిగా ఉంటాది. ఇంకొక ఇంటి ముందు..."

"పానాలు కడిగి లోపల పెట్టు. తుప్పు పడతాయి."

"నాయనా!"

గాదిలింగప్ప జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. లోపల కాగితం చప్పుడైంది. దాన్ని తీసి ఆమెకు ఇవ్వలేదు. హంపు మీద ఇంకో లారీ ఎక్కి దిగే చప్పుడు వినేదాకా ఆగాడు.

"విన్నావు కదా. నువ్వు చేసింది నిలబడింది. ఇంక నన్ను అడగద్దు. ఈ సంగతి ఈ పూటతో అయిపోయింది. నీ ముందర గానీ, ఊరి ముందర గానీ, ఆ వీరభద్రుని ముందర గానీ, నేను చచ్చేదాకా ఇది నా నోట రాదు."